పాత ఇంటిని భూకంపానికి బిగించుకోవడానికి కాలిఫోర్నియా గ్రాంటు: దరఖాస్తు విధానం, వాటర్ హీటర్ పట్టీల నుంచి గ్యాస్ వాల్వు దాకా

ఫ్రీమాంట్‌లో నైల్స్ వైపు మేం కొన్న ఇల్లు 1938 నాటిది. కొన్న ఏడాది వంటింటి కౌంటర్లు మార్చాం, రంగులు వేయించాం, గృహప్రవేశం చేసుకున్నాం. కింద క్రాల్ స్పేస్‌లోకి, అంటే ఫ్లోరుకీ నేలకీ మధ్య పాక్కుంటూ దూరేంత ఖాళీలోకి మాత్రం ఒక్కసారి కూడా టార్చి వేసి చూడలేదు. మరుసటి ఏడాది నీళ్ల పైపు కారుతుంటే వచ్చిన ప్లంబరు కిందికి పాక్కుంటూ వెళ్లి, బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ ఒక మాట అన్నాడు: "మీ ఇల్లు పునాది మీద కూర్చుని ఉంది, అంతే. పునాదికి అంటి లేదు." ఆ రాత్రి మా అమ్మానాన్నలు గరాజ్ పక్క గదిలోనే పడుకుని ఉన్నారు. గోడకి అటువైపు గ్యాసుతో నడిచే వాటర్ హీటర్, దానికి నడుమున ఒకే ఒక్క తుప్పు పట్టిన పట్టీ. నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మేం నడిచిన దారే ఇది. బే ఏరియాలోనూ లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కలా పాత ఇళ్లు కొంటున్న మన తెలుగువాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

గ్రాంటు ఏమిటి, ఎవరికి

దీని పేరు ఎర్త్‌క్వేక్ బ్రేస్ ప్లస్ బోల్ట్. అందరూ ఈబీబీ అంటారు. నడిపేది కాలిఫోర్నియా రెసిడెన్షియల్ మిటిగేషన్ ప్రోగ్రామ్. భూకంప బీమా ఇచ్చే కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ, రాష్ట్ర అత్యవసర సేవల కార్యాలయం కలిసి 2011లో దీన్ని ఏర్పాటు చేశాయి. అర్హత ఉన్న ఇంటికి 3,000 డాలర్ల దాకా ఇస్తారు. కుటుంబ ఆదాయం ఒక పరిమితికి లోబడి ఉంటే దీనిపైన అదనపు గ్రాంటు కూడా ఉంటుంది. ఆ పరిమితిని ఎప్పటికప్పుడు మారుస్తుంటారు కాబట్టి మీరు దరఖాస్తు చేసే ఏడాది అంకెనే చూసుకోండి. మనకెందుకు వస్తుందిలే అనుకుని వదిలేయకండి. రిటైరైన పెద్దవాళ్ల పేరు మీద ఉన్న ఇళ్లకి ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఇల్లు 1980కి ముందు కట్టినదై ఉండాలి, చెక్క ఫ్రేముదై ఉండాలి, నేల నుంచి కొంచెం ఎత్తున, కింద క్రాల్ స్పేస్‌తో ఉండాలి. ప్రోగ్రామ్ ప్రకటించిన జిప్ కోడ్‌లలో మీ ఊరు ఉండాలి. నేరుగా కాంక్రీటు స్లాబు మీద కట్టిన ఇంటికి ఇది వర్తించదు. మీ ఇల్లు ఏ రకమో తెలియకపోతే బయట గోడల అడుగున చూడండి: జాలీ బిగించిన చిన్న చిన్న గాలిరంధ్రాలు కనిపించి, వీధి గుమ్మానికి రెండు మూడు మెట్లు ఉంటే కింద క్రాల్ స్పేస్ ఉన్నట్టే.

గరాజ్ పైన పడకగది ఉన్న ఇళ్ల బలహీనత వేరు. గరాజ్ తలుపుండే వైపు గోడంటూ పెద్దగా ఉండదు కదా. వాటికి ఎర్త్‌క్వేక్ సాఫ్ట్ స్టోరీ అనే మరో గ్రాంటు ఉంది, అది 13,000 డాలర్ల దాకా. దరఖాస్తు పద్ధతి దగ్గర దగ్గరగా ఇలాగే ఉంటుంది కానీ ఇంజినీరు పని ఎక్కువ.

పని అంటే ఏం చేస్తారు

దరఖాస్తులో అడిగే ఫోటోలు అర్థం కావాలంటే ఇది తెలియాలి. కాంక్రీటు పునాది మీద పడుకోబెట్టిన మొదటి చెక్కను సిల్ ప్లేట్ అంటారు. దాన్ని పునాదికి బోల్టులతో బిగించడం ఒక పని. పునాదికీ ఇంటి ఫ్లోరుకీ మధ్య పొట్టి చెక్క గోడ ఉంటే దాన్ని క్రిపుల్ వాల్ అంటారు. దానికి లోపలివైపు ప్లైవుడ్ కొట్టి గట్టిచేయడం రెండో పని. క్రిపుల్ వాల్ లేని ఇళ్లకి బోల్టులు చాలు. ఈ పనికి ప్రమాణం కాలిఫోర్నియా ఎగ్జిస్టింగ్ బిల్డింగ్ కోడ్‌లోని ఏ3 అనే అధ్యాయం. పొట్టి గోడ 4 అడుగుల లోపు ఉంటే కోడ్‌లో ముందే ఇచ్చిన పద్ధతి ప్రకారం చేసేయొచ్చు. అంతకు మించితే, లేదా ఇల్లు కొండవాలు మీద ఉంటే, ఇంజినీరు డ్రాయింగు గీయాలి.

భూమి అడ్డంగా ఊగినప్పుడు పునాది భూమితోపాటు కదులుతుంది, పైనున్న ఇల్లు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. మధ్యలో పట్టు లేకపోతే ఇల్లు పునాది మీంచి జారుతుంది. జారేది కొన్ని అంగుళాలే కావచ్చు. కానీ ఆ కొన్ని అంగుళాల్లోనే నేలలోంచి పైకి వచ్చే గ్యాస్ పైపు, నీళ్ల పైపు, మురుగు పైపు తెగుతాయి. అందుకే ఈ గ్రాంటులో చెక్కపనితోపాటు ప్లంబింగు కూడా ముడిపడి ఉంది: వాటర్ హీటర్ సరిగ్గా బిగించి ఉంటే తప్ప పని పూర్తయినట్టు ఒప్పుకోరు.

రిజిస్ట్రేషన్‌కి ముందు

ఇల్లు కొన్నప్పటి క్లోజింగ్ ఫైలు తీయండి. 1960కి ముందు కట్టిన ఇల్లు అమ్మేవాళ్లు భూకంప భద్రత పుస్తకం, దానితో ఒక ప్రశ్నల పత్రం కొనేవాళ్లకి ఇవ్వాలని ఇక్కడ చట్టం. వాటర్ హీటర్ బిగించి ఉందా, ఇల్లు పునాదికి బోల్టులతో బిగించి ఉందా, క్రిపుల్ వాల్ గట్టిచేశారా అని అందులో వరుసగా ఉంటుంది. మా ఫైలులో ఆ కాగితం ఉంది. బోల్టుల ప్రశ్న దగ్గర 'తెలియదు' అని టిక్కు పెట్టి ఉంది. సంతకాల రోజు మేమది చదవలేదు.

తర్వాత మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫోను చేయండి. కాలిఫోర్నియాలో బిల్డింగ్ కోడ్, ప్లంబింగ్ కోడ్ రాష్ట్రమంతటికీ ఒకటే, మూడేళ్లకోసారి కొత్తవి వస్తాయి. అయితే స్థానిక వాతావరణం, భూగర్భం, నేల తీరు ఇవి అని కారణం రాసి తీర్మానం చేసి నగరాలు వాటిని ఇంకా కఠినం చేసుకునేవి; ఇళ్ల విషయంలో 2025 అక్టోబరు నుంచి అలాంటి కొత్త మార్పులను చాలావరకు ఆపేశారు, అంతకుముందు చేసుకున్నవి మాత్రం ఉన్నాయి. హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 17958.7 సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. ఫాల్టు, అంటే భూకంపాలు పుట్టే భూమి పగులు, మీద ఉన్న ఊరికి, దూరంగా ఉన్న ఊరికి ఒకే కొలత చాలదు కాబట్టే ఆ వెసులుబాటు. అలాంటి ఫాల్టు మాకు దూరమేమీ కాదు: 1868 అక్టోబరు 21న పెద్ద భూకంపం తెచ్చిన హేవర్డ్ ఫాల్టు ఫ్రీమాంట్ ఊళ్లోంచే పోతుంది. పక్క ఊళ్లో ఉన్న స్నేహితుడికి చెల్లిన డ్రాయింగు మీ ఊళ్లో చెల్లకపోవచ్చు. రెట్రోఫిట్ (పాత ఇంటిని ఇలా బిగించే పని) పర్మిట్‌కి ఏమేం కావాలి, భూమి ఊగితే గ్యాసు కట్టేసే వాల్వు తప్పనిసరా అని రెండు ప్రశ్నలు అడిగి, జవాబు ఈమెయిల్లో తెప్పించుకోండి.

దరఖాస్తు, వరుసగా

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో, ఏడాదిలో కొన్ని వారాలే తెరుస్తారు. ఇంటి చిరునామా, కట్టిన సంవత్సరం, యజమాని పేరు, ఇంటి రకం అడుగుతారు. పేరు మాత్రం ఇంటి దస్తావేజులో ఎలా ఉందో అలాగే ఇవ్వండి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అయి ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉండటం మామూలే. తర్వాత దిద్దించుకోవడం కంటే ఇప్పుడు సరిచూసుకోవడం తేలిక. ముందు వచ్చినవాళ్లకి ముందు అన్న పద్ధతి కాదు, గడువులోగా నమోదైన వాళ్లలోంచి లాటరీ తీస్తారు. మొదటి రోజు అర్ధరాత్రి దాకా మేలుకోనక్కర్లేదు. ఎంపిక కాకపోతే వెయిటింగ్ లిస్టులో ఉంటారు. ఈమెయిల్ మీదే అంతా నడుస్తుంది కనుక స్పామ్ ఫోల్డరు కూడా చూస్తూ ఉండండి.

ఎంపికయ్యాక కాంట్రాక్టరుని వెతుక్కోవాలి. ఫెమా (కేంద్ర ప్రభుత్వ విపత్తుల సంస్థ) శిక్షణ తీసుకున్న, రాష్ట్ర లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ల జాబితా ప్రోగ్రామ్ సైట్‌లోనే ఉంటుంది. కనీసం ముగ్గుర్ని పిలిచి ఎస్టిమేటు రాయించుకోండి. క్రాల్ స్పేస్‌లోకి దిగకుండా బయట నిలబడి ధర చెప్పేవాళ్లని నమ్మొద్దు. లైసెన్సు నంబరు కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు సైట్‌లో కొట్టి చూడండి. ఇంకో సంగతి: ఇంటి రిపేరు పనులకి అడ్వాన్సుగా 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదని ఇక్కడ చట్టం. సగం ముందే ఇవ్వమన్న ఒకాయన మా ఇంటికీ వచ్చాడు. ఆయనకి దండం పెట్టి పంపేశాం.

ఇప్పుడు కాగితాలు అప్‌లోడ్ చేయాలి: కాంట్రాక్టరు ఎస్టిమేటు, మన టాక్స్ నంబరు ఇచ్చే డబ్ల్యూ-9 ఫారం, ఊరి పర్మిట్, పని మొదలుకాక ముందటి ఫోటోలు. ఫోటోల దగ్గరే చాలామందికి తిరుగు జవాబు వస్తుంది. ఇంటి ముందుభాగం, క్రాల్ స్పేస్‌లో పునాది, సిల్ ప్లేట్, పొట్టి గోడలు, వాటర్ హీటర్ పైనుంచి కింద దాకా, అన్నీ వెలుతురులో స్పష్టంగా కనిపించాలి. క్రాల్ స్పేస్‌లో ఫోను ఫ్లాష్ చాలదు, ఒక వర్క్ లైటు తీసుకెళ్లండి. డబ్ల్యూ-9 ఇస్తున్నామంటే ఆ డబ్బు పన్ను లెక్కలోకి రావచ్చు. మీ టాక్సులు చూసేవారికి ముందే చెప్పి ఉంచండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పని మొదలుపెట్టవచ్చని ప్రోగ్రామ్ నుంచి అనుమతి మెయిల్ రాకముందు ఒక్క బోల్టు కూడా దించనివ్వకండి. మాకు తెలిసిన ఒక కుటుంబం, కాంట్రాక్టరు ఖాళీగా ఉన్నాడు కదా అని వారం ముందే పని మొదలుపెట్టించింది. పని చక్కగా అయింది, ఇన్‌స్పెక్షన్ పాసైంది, గ్రాంటు మాత్రం రాలేదు.

అనుమతి వచ్చాక పని సాధారణంగా కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఊరి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి పర్మిట్‌ని ముగించాలి. ఆ ముగింపు సంతకం ఉన్న పర్మిట్, పని అయ్యాక తీసిన ఫోటోలు, డబ్బు చెల్లించిన రసీదు పంపితే చెక్కు వస్తుంది. పనికి గడువుంటుంది, ఆ తేదీ మెయిల్లోనే రాస్తారు. ఇన్‌స్పెక్షన్ తేదీ దొరకడానికే రెండు మూడు వారాలు పట్టొచ్చని లెక్కేసుకోండి.

వాటర్ హీటర్, గ్యాసు: గ్రాంటు రాకపోయినా చేయాల్సినవి

50 గ్యాలన్ల ట్యాంకులో నీళ్ల బరువే దాదాపు 190 కిలోలు. పొడుగ్గా, సన్నగా, గోడ పక్కన నిలబెట్టిన అంత బరువు ఊగి పడితే దాని గ్యాస్ గొట్టం, నీళ్ల గొట్టం రెండూ ఊడిపోతాయి. అందుకే కాలిఫోర్నియాలో ప్రతి వాటర్ హీటరూ బిగించి ఉండాలని చట్టం, ఇల్లు అమ్మేవాళ్లు అలా ఉందని రాతపూర్వకంగా చెప్పాలి కూడా.

ప్లంబింగ్ కోడ్ చెప్పే కొలత ఇది: ఒక పట్టీ ట్యాంకు ఎత్తులో పై మూడో వంతులో, ఇంకోటి కింది మూడో వంతులో. కింది పట్టీకీ గ్యాస్ కంట్రోలుకీ మధ్య కనీసం 4 అంగుళాలు ఉండాలి. పట్టీల మరలు గోడ లోపలి స్టడ్లలోకి, అంటే నిలువు చెక్కల్లోకి దిగాలి, ఉత్త జిప్సం బోర్డులోకి కాదు. ట్యాంకుకీ గోడకీ మధ్య సందు ఉంటే అక్కడ చెక్క దిమ్మె పెట్టాలి, లేకపోతే ట్యాంకు వెనక్కి ఊగి గోడను కొడుతుంది. గ్యాసుకి వంగే గొట్టం వేయించండి, బిర్రుగా ఉండే పాత పైపు విరుగుతుంది. మా ఇంట్లో మొదటిసారి ఇన్‌స్పెక్టరు తిప్పి పంపింది కింది పట్టీ కంట్రోలుకి మరీ దగ్గరగా ఉందనే. ట్యాంకు మార్చినా పర్మిట్ తీసుకోవాలి. పర్మిట్ లేకుండా చవగ్గా పెట్టి వెళ్లేవాళ్లు ఈ పట్టీల దగ్గరే అశ్రద్ధ చేస్తారు.

గ్యాస్ వాల్వు సంగతి ఊరిని బట్టి మారుతుంది. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చాక లాస్ ఏంజిలిస్ నగరం, భూమి ఊగినప్పుడు తనంతట తానే గ్యాసు కట్టేసే వాల్వును తప్పనిసరి చేసింది. అక్కడ ఇల్లు అమ్మినా, 10,000 డాలర్లు దాటిన మార్పులకి పర్మిట్ తీసుకున్నా ఆ వాల్వు ఉండాల్సిందే. మీ ఊళ్లో తప్పనిసరి కాకపోయినా పెట్టించుకోమనే నా మాట. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోను ఎక్కువగా పాడుచేసింది ఊగుడు కాదు, ఆ తర్వాతి మంటలు; నీళ్ల మెయిన్లు పగిలి ఆర్పడానికి నీళ్లు లేకపోయాయి. 1989 భూకంపంలో అదే శాన్ ఫ్రాన్సిస్కోలోని మరీనా పేటలోనూ, 2014 భూకంపంలో నాపాలోనూ మళ్లీ అదే, పైపులు పగిలి మంటలకి నీళ్లు కరువయ్యాయి.

ఈ వాల్వును గ్యాస్ కంపెనీ పెట్టదు. మీటరుకి మన ఇంటివైపు, లైసెన్సు ఉన్న ప్లంబరుతో, పర్మిట్ తీసుకుని పెట్టించుకోవాలి. కొనేముందు దాని మీద డివిజన్ ఆఫ్ ద స్టేట్ ఆర్కిటెక్ట్ ఆమోదం ఉందో లేదో చూడండి. చేత్తో కట్టేసే వాల్వు మీటరు దగ్గర ఎలాగూ ఉంటుంది. ఒక పెద్ద రెంచి అక్కడే తగిలించి ఉంచండి. గ్యాసు వాసన వచ్చినా, బుస్సుమన్న చప్పుడు వినిపించినా పావు చుట్టు తిప్పి, పైపుకి అడ్డంగా నిలిపితే చాలు. ఒకసారి కట్టేశాక మళ్లీ మనమే తిప్పకూడదు, కంపెనీవాళ్లు వచ్చి చూసి వదలాలి. ఇండియా నుంచి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లకి ఆ వాల్వు దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. పగటిపూట ఇంట్లో ఉండేది వాళ్లే.

అయ్యాక

ముగిసిన పర్మిట్ నకలు ఇంటి ఫైలులో పెట్టండి. కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ బీమా ఉన్నవాళ్లకి, ఇలా గట్టిచేసిన పాత ఇంటికి ప్రీమియంలో 25 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. అది దానంతటది రాదు, బీమా ఏజెంటుని అడిగి ఫారం నింపి ఇవ్వాలి. బర్కిలీలో కొత్తగా ఇల్లు కొన్నవాళ్లైతే ఇంకొకటి: అక్కడ నగరం వసూలు చేసే ట్రాన్స్‌ఫర్ టాక్సులో మూడో వంతు దాకా భూకంప భద్రత పనుల ఖర్చు కింద వెనక్కి ఇస్తారు, కానీ దానికి కొన్న తేదీ నుంచి గడువు ఉంది. తాళాలు చేతికొచ్చిన వారంలోనే నగరానికి ఫోను చేసి ఆ గడువు కనుక్కుని, క్యాలెండరులో రాసి పెట్టుకోండి.