పలుగురాయి పొడిని గంధంలా నూరాకే శిఖరాలు విడిపోయాయి

చెన్నైలో ప్రాజెక్టు చేసేటప్పుడు గూడూరు నుంచి తెచ్చిన పలుగురాయి (క్వార్ట్జ్) పొడికి ఐఆర్ స్పెక్ట్రం తీశాను, అంటే పొడి ఏ పరారుణ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్. 798, 779 తరంగసంఖ్యల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే లెక్క) దగ్గర విడివిడిగా కనిపించాల్సిన క్వార్ట్జ్ జంట శిఖరాలు మొద్దుబారి అతుక్కుపోయాయి. 1080 దగ్గరి పెద్ద శిఖరం ఒకపక్కకు ఒరిగింది, శిఖరాల అడుగు గీత (బేస్‌లైన్) ఏటవాలుగా ఉంది. యంత్రాన్ని అనుమానిస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాను.

ల్యాబ్‌లో సీనియర్ అక్క చిటికెడు పొడి వేళ్ల మధ్య రుద్ది, "ఇంకా గరగరలాడుతోందమ్మా, నూరు" అంది. 1080 అంటే సుమారు 9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం. రేణువులూ దాదాపు అంతే ఉంటే కాంతిని చెదరగొట్టి శిఖరం ఆకారాన్నే మార్చేస్తాయి. 2 మైక్రాన్ల కంటే సన్నబడాలి.

అగేట్ అనే గట్టి రాతి రోట్లో నాలుగు చుక్కల ఆల్కహాల్ వేసి, గంధం తీసినట్టు ఓపిగ్గా నూరాను. ఒక మిల్లీగ్రాము పొడిని 200 మిల్లీగ్రాముల పొటాషియం బ్రోమైడ్‌లో కలిపి బిళ్ళ నొక్కాను. ఆ ఉప్పును ముందే 110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టాను. చెన్నై గాలికి అది ఇట్టే చెమ్మ లాగేస్తుంది, 3400 దగ్గర నీటి గుట్ట లేస్తుంది.

బిళ్ళ అద్దంలా వచ్చింది. జంట శిఖరాలు విడివిడిగా నిలిచాయి!

బిళ్ళ చేయకుండా పొడిని కప్పులో పోసి రిఫ్లెక్టెన్స్ (పొడి నుంచి వెనక్కి వచ్చే కాంతి) తీసేవాళ్లు ప్రతిసారీ ఒకేలా నింపండి. గట్టిగా అదిమితే ఒకలా, వదులుగా పోస్తే మరోలా వస్తుంది.