టీపాయ్ కొనేముందు బోర్లించి చూడండి

నేను మొదట కొన్న టీపాయ్ పైకి అద్దంలా మెరిసేది. ఎనిమిది నెలలు బాగానే ఉంది. గాలి పొడిబారే రోజులు మొదలయ్యాక ఒక రాత్రి హాల్లోంచి టప్పుమని చప్పుడు. పొద్దున లేచి చూస్తే పైపలక మధ్యలో వెంట్రుకంత చీలిక. నెల తిరిగేసరికి అందులో పోస్టుకార్డు దూరేంత సందు. అమ్మినవాళ్ళను అడిగితే “చెక్క కదండీ, మామూలే” అన్నారు. అందులో సగం నిజమే. మిగతా సగం, ఒక వడ్రంగి వచ్చి దాన్ని బోర్లించి చూపించాక తెలిసింది. పలకను కింది ఫ్రేముకు చుట్టూ స్క్రూలతో అంగుళం కదలకుండా బిగించేశారు.

కోసి, చిత్రిక పట్టి, పాలిష్ వేసినా సరే, చెక్క గాల్లో తేమను పీల్చుకోవడం, వదలడం మానదు. తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. పొడవులో ఆ తేడా కంటికి కనిపించదు, అంతా వెడల్పులోనే. రెండడుగుల వెడల్పు పలక ఏడాదిలో మూడు నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవడం మామూలే. దాన్ని కట్టేస్తే ఎక్కడో ఒకచోట చీలుతుంది.

కాబట్టి షాపులో ముందు కింద కూర్చోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, నేనైతే ఫోన్ టార్చ్ వేసుకుని మరీ దూరతాను. పలకను పట్టుకున్న స్క్రూల రంధ్రాలు కోలగా ఉన్నాయా, లేదా జరగడానికి వీలిచ్చే క్లిప్పులు వేశారా అన్నది చూడండి. రెండూ లేకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కాళ్ళు కుసి (చివర నాలుకలా చెక్కిన భాగం) తీసి బెజ్జంలో దిగగొట్టినవైతే మంచిది. ఒక మూల పట్టుకుని మెల్లగా ఊపితే కాలు ఎంత గట్టిగా నిలబడిందో చెయ్యే చెబుతుంది.

అసలది లోపలిదాకా నిజమైన చెక్కేనా అన్నది తేల్చుకోవాలంటే పలక పొడవు చివర, అడ్డంగా కోసిన ముఖం చూడాలి. అక్కడ చెట్టు వలయాల ముక్కలు విల్లులా వంగి కనిపిస్తాయి, పైనున్న చెక్క గీతలు వచ్చి వాటితో కలుస్తాయి. పలచటి పొర అతికించినదైతే గీతలు అంచులో తెగిపోతాయి, అంచుకు వేసిన పట్టీ అతుకు వేలికి తగులుతుంది. పొర వేసినవి చెడ్డవని కాదు, మంచి ప్లైవుడ్ మీద వేస్తే కదలిక తక్కువే. కానీ పైన గీరుకుపోతే రుద్దడానికి లోపల చెక్క ఉండదు. ఇక “ఒకే పలక” కావాలని పట్టుబట్టకండి. నాలుగైదు అంగుళాల పట్టీలు కలిపి అతికించిన పైపలకే తరచుగా వంకర పోకుండా ఉంటుంది.

ఏ చెక్క? టేకులో సహజంగా నూనె ఉంటుంది, కదలిక తక్కువ, చెదలు అంత తొందరగా పట్టవు. అయితే అదంతా చేవ (చెట్టు నడిమి ముదురు చెక్క) గుణం. పక్కన పాలిపోయిన తెల్ల పట్టీ కనిపిస్తే అది టేకే అయినా చేవ కాదు. పైన్ మెత్తన, కీచైన్ పడినా సొట్ట పడుతుంది. ఏ చెక్కయినా కింద గుండుసూది తలంత రంధ్రాలు, వాటి దగ్గర పిండిలాంటి పొడి ఉంటే ఇంటికి తేకండి, లోపల పురుగుంది.

ఎత్తు సోఫా సీటుకు సమంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉండాలి. సైజు కోసం పాత పేపర్లు ఆ కొలతకి నేలమీద పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. మోకాలు తగిలే చోటు తెలిసిపోతుంది.

డబ్బు ఇచ్చేముందు పైన వేసింది నూనెనా, పీయూ (పాలీయురెథేన్, పైన పొర కట్టేది) పాలిషా అని తప్పక అడగండి, ఎందుకంటే సంరక్షణంతా దాన్ని బట్టే. రోజూ మెత్తని పొడిగుడ్డ చాలు. మరక ఉంటే పిండిన తడిగుడ్డతో గీతల వెంబడే తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. మెరుపు కోసం సిలికాన్ స్ప్రేలు కొట్టకండి, రేపు మళ్ళీ పాలిష్ వేయించాలంటే అది పట్టదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి.

వేడి కప్పు తెల్లటి వలయం వేసిందా? టెన్షన్ వద్దు, తేమ పాలిష్ పొరలో ఇరుక్కుందంతే. హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉంటే చాలాసార్లు మాయమవుతుంది. నా రెండో టీపాయ్ మీద పది నిమిషాలు పట్టింది. ముందు అంచులు మసకబారాయి, తర్వాత మొత్తం పోయింది. మరక నల్లగా ఉంటే మాత్రం నీళ్ళు చెక్కలోకి దిగినట్టు. అది డ్రయర్‌కి లొంగదు, వడ్రంగిని పిలవాల్సిందే.

నూనె పూసిన రకమైతే, పైన పడ్డ నీటిచుక్క నిలవకుండా ఇంకుతున్నప్పుడు మళ్ళీ పూయాలి. వంటనూనెలు వద్దు, చాలావరకు అవి ఆరక జిగటగా మిగిలిపోతాయి. చెక్క పని కోసం అమ్మే బాయిల్డ్ అవిసె నూనె తీసుకోండి. 220 నంబరు ఉప్పు కాగితంతో గీతల వెంబడి తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, పలచగా పూసి, ఇరవై నిమిషాలకు మిగిలిందంతా తుడిచేయాలి. పూశాక ఆ గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడ్డాకే పారేయండి.