కుక్కల ఆటలకు యాప్ గీసే ముందు

కర్నూలులో పెంపుడు కుక్కలను కలిపి ఆడించే యాప్ తయారు చేయాలనుకుంటున్నారా? తెరలు గీయడం మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

□ టీకా వివరాలు లేనిదే ఖాతా తెరవనివ్వకండి. "వేయించాం" అన్న టిక్కు చాలదు. పశువైద్యుడి సంతకమున్న కార్డు ఫొటో, రేబిస్ టీకా తేదీ రెండూ అడగండి. గడువు దాటితే ఆ కుక్క పేరు దానంతటదే జాబితాలోంచి తప్పుకోవాలి. పార్వో (కుక్కలకు సోకే ప్రమాదకరమైన అంటువ్యాధి) టీకాలు పూర్తికాని కూనలకు ఆటలు వద్దు.

□ జాతి ఒక్కటే అడిగితే మోసపోతాం. బరువు, వయసు, ఎదలో ఉందా, తిండిగిన్నె దగ్గరికి ఇంకో కుక్క వస్తే గుర్రుమంటుందా అన్నవీ అడగాలి. ("మా టామీ ఎవరినీ ఏమీ అనడు" అని రాయని యజమాని ఉండడు.)

□ ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో మధ్యాహ్నం వేళలు ఎంచుకునే వీలే ఉండకూడదు. చేతి వెనుక భాగాన్ని తారురోడ్డుపై 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. ఆ మాట బుకింగ్ తెర మీదే కనిపించాలి.

□ ఇంటి చిరునామా చూపకండి, పేట పేరు చాలు.

□ బటన్లలో తెలుగు వత్తులు సగానికి తెగిపోతున్నాయేమో చవక ఫోనులో చూడండి.