ఎండలు ముదరకముందే ఆకుల దుమ్ము కడగండి

శివరాత్రి వెళ్లి ఎండ చురుక్కుమనగానే రోడ్డు పక్క ఇళ్లలో గులాబీ, వంగ, బెండ, బొప్పాయి ఆకుల మీద సూదితో పొడిచినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. అది ఎర్రనల్లి పని. నల్లికి ఎనిమిది కాళ్లు, సాలీడు జాతిది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. 30 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్దది కావడానికి 10 రోజులు చాలు. మార్చిలో చూడకపోతే ఏప్రిల్‌లో కొమ్మల నిండా సన్నటి గూళ్లే.

దీనికి మన రోడ్ల దుమ్ము బాగా కలిసొస్తుంది. బండ్లు లేపే దుమ్ము, కట్టే ఇళ్ల సిమెంటు పొడి ఆకు రంధ్రాలను మూసేస్తాయి, మొక్క నీరసిస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి: నల్లిని తినే మేలు నల్లులు, చిన్న అక్షింతల పురుగులు దుమ్ము పట్టిన ఆకు మీద సరిగ్గా వేటాడలేవు. పైగా డాబా కాంక్రీటు వేడి నల్లికే అనుకూలం.

కాబట్టి మందు కంటే ముందు నీళ్లు. వారానికి రెండుసార్లు పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు తడిసేలా కడగండి. కుండీలో మట్టి ఎండిపోనివ్వకండి, పైన ఎండుటాకులు పరవండి. యూరియా తగ్గించండి, మెత్తటి చిగురంటే నల్లికి ఇష్టం. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఆకును తట్టండి. చుక్కలు కదిలితే నల్లే.

కనబడితే బాగా పాడైన ఆకులు తుంచి సంచిలో కట్టి పారేయండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా లిక్విడ్ సబ్బు కలిపి, ముందు రెండాకుల మీద చూసి, సాయంత్రం పూట కొట్టండి. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. నీటిలో కరిగే గంధకం వాడేవాళ్లు మండుటెండలో కొట్టొద్దు, వేపనూనె కొట్టిన రెండు మూడు వారాల్లోపు అసలు వద్దు, ఆకు మాడిపోతుంది.

దయచేసి మామూలు పురుగుమందు జోలికి పోకండి. టెన్షన్‌లో నేను ఒకసారి గులాబీలకు కొట్టాను. మేలు పురుగులు చచ్చాయి, నల్లి రెట్టింపైంది.

వీధిలో కానుగ ఆకుల మీద బుడిపెలు చూసి భయపడే వాళ్లుంటారు. అదీ ఒక రకం నల్లి వల్లే, కానీ పెద్ద చెట్టు తట్టుకుంటుంది. మందు కొట్టించొద్దు, నరికించొద్దు. మొదలు చుట్టూ సిమెంటు కప్పేసి ఉంటే మాత్రం మూరెడు మేర తీయించి, ఈ వేసవంతా నాలుగు బిందెల నీళ్లు పోస్తూ ఉండండి.