రంగస్థలం, నృత్యం పీజీలో సెమిస్టర్ కోర్సులు ఎంచుకోవడం ఎలా?

క్రెడిట్లన్నీ కూడితే 20 వచ్చాయి కదా అని రిజిస్ట్రేషన్ ముగించేస్తారు. పన్నెండో వారానికి ప్రదర్శన ముంచుకొస్తుంది, టర్మ్ పేపర్ మొదలే కాదు, మోకాళ్లు నొప్పులు, హాజరు 75 శాతం దగ్గర ఊగుతుంటుంది. మంచి గొంతు, మంచి అడుగు ఉన్న పిల్లలు కూడా ఇలాగే బ్యాక్‌లాగ్‌లో పడుతున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో చేరినా, 1985లో మొదలై, తర్వాత పొట్టి శ్రీరాములు పేరుతో నడిచి, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఉన్న తెలుగు విశ్వవిద్యాలయంలో చేరినా ఈ లెక్క ఒకటే.

కావలసినవి

మీరు చేరిన ఏడాది సిలబస్, రెగ్యులేషన్స్, అకడమిక్ క్యాలెండర్, పెద్ద కాగితం, పెన్సిల్. సీనియర్ల దగ్గరున్న పాత సిలబస్ పనికిరాదు. ఫోన్‌లో ప్లాన్ వేయకండి. 15 వారాలూ ఒక్క చూపులో కనబడాలంటే కాగితమే ఉండాలి.

కోర్సులను విడదీయండి

ప్రతి కోర్సు పక్కనా దాని రకం రాయండి. నాట్యశాస్త్రం, నాటక చరిత్ర, నాటక విశ్లేషణ వంటివి థియరీ. నటన, వాచికం (మాట పలికే తీరు), అడుగులు, నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం), లైటింగ్, మేకప్ ప్రాక్టికల్. నాటకమో నృత్యరూపకమో తయారుచేసి వేదిక ఎక్కించేది ప్రొడక్షన్. మిగిలినవి ఎలక్టివ్‌లు. చివరి ఏడాది సోలో కచేరీ, దర్శకత్వం, పరిశోధన వ్యాసం వంటివి ఉంటాయి. వీటిలో మీకు ఏది తప్పనిసరో రెగ్యులేషన్స్ చూసి గుర్తు పెట్టండి. ఇదంతా పావుగంట పని.

క్రెడిట్లను గంటల్లోకి మార్చండి

అందరూ బోల్తాపడేది ఇక్కడే. యూజీసీ లెక్కలో ఒక థియరీ క్రెడిట్‌కు సెమిస్టర్‌లో 15 గంటల పాఠం, ఒక ప్రాక్టికల్ క్రెడిట్‌కు 30 గంటల పని. సిలబస్‌లో కోర్సు పక్కన 4-0-0 అని ఉంటే వారానికి నాలుగు గంటల పాఠం. 0-0-8 అని ఉంటే వారానికి ఎనిమిది గంటల ప్రాక్టికల్. రెండింటికీ వచ్చేది నాలుగేసి క్రెడిట్లే. అంకెలు సమానంగా కనిపించినా ఒళ్లు పడే శ్రమ సమానం కాదు.

ఉదాహరణకు రెండు థియరీ పేపర్లు, రెండు ప్రాక్టికల్స్, ఒక ప్రొడక్షన్, ఒక్కొక్కటీ నాలుగు క్రెడిట్లు తీసుకున్నారనుకోండి. మొత్తం 20 క్రెడిట్లు. గంటల్లో చూస్తే థియరీకి 8, ప్రాక్టికల్స్‌కు 16, ప్రొడక్షన్‌కు 8. అంటే వారానికి 32 గంటలు. ఇంటి దగ్గర చదువు, సాధన దీని మీద అదనం.

అసలు చిక్కు ప్రొడక్షన్‌తో వస్తుంది. దానికున్న 120 గంటలు ఏ సెమిస్టర్‌లోనూ వారానికి ఎనిమిది చొప్పున సమంగా నడవవు. కాగితం మీద ఇలా పంచుకోండి. మొదటి ఐదు వారాలు నాలుగేసి గంటలు, రచన చదవడం, పాత్రల పంపకం, బ్లాకింగ్ (వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది). తర్వాత ఆరు వారాలు ఎనిమిదేసి. పన్నెండు నుంచి పద్నాలుగో వారం దాకా పదిహేనేసి, ఇందులోనే లైట్లు, శబ్దం సరిచూసే టెక్ రిహార్సల్, వేషాలతో చేసే డ్రెస్ రిహార్సల్, ప్రదర్శన. చివరి వారం ఏడు గంటలు, సెట్ విప్పి రికార్డు రాయడానికి. కూడితే సరిగ్గా 120.

ఇప్పుడు పన్నెండో వారం చూడండి. మిగతా కోర్సుల 24 గంటలకు ఈ 15 కలిస్తే 39. ఇది మోయగలిగిన బరువే. ఒక ప్రాక్టికల్ తీసేసి రెండో ప్రొడక్షన్ పెట్టుకున్నారంటే క్రెడిట్లు అవే 20, కానీ ఆ మూడు వారాల్లో మీ లెక్క 46కు చేరుతుంది. ఒక సెమిస్టర్‌లో రెండు ప్రొడక్షన్లు వద్దు, ఎవరు పిలిచినా వద్దు. రెండు చోట్లా సగం సగం వచ్చే నటుడి వల్ల రెండు బృందాలూ చెడతాయి.

ఆ మూడు వారాల్లో థియరీ పని ఏదీ మిగిలి ఉండకూడదు. టర్మ్ పేపర్ల గడువు ఎప్పుడైనా సరే, మీ గడువు పదకొండో వారం. క్యాలెండర్‌లో ముందుగా దసరా సెలవులకు గడి గీసి, ఆ తర్వాతే రిహార్సల్స్ రాయండి. బతుకమ్మకు, దసరాకు ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి బ్లాకింగ్ సగం మరిచిపోతారు. సెలవుల తర్వాతి రెండు రిహార్సల్స్ పాతది గుర్తుచేసుకోవడానికే పోతాయి. వాటినీ లెక్కలో వేసుకోండి. రిహార్సల్ ఊళ్లో మరోచోట పెడితే ప్రయాణం కూడా కలపాలి. గచ్చిబౌలి నుంచి నాంపల్లికి సాయంత్రం బస్సులో గంటకు పైనే పడుతుంది.

నృత్యం వాళ్లకు ఇంకో జాగ్రత్త. ప్రాక్టికల్ క్లాసు, బృంద రిహార్సల్ ఒకే రోజు పెట్టుకుంటే కాళ్లకు విశ్రాంతి ఉండదు. అడుగు తొక్కుడంతా ఉత్త కాలితోనే. సిమెంటు నేల ఆ దెబ్బను తిప్పి కాలికే కొడుతుంది. ముందు పిక్క ఎముక, తర్వాత మోకాలు మొరాయిస్తాయి. అడుగున ఖాళీ ఉన్న చెక్క నేల దొరికే స్లాటే ఎంచుకోండి, అదీ ఉదయంపూట. సాయంత్రాలు రిహార్సల్స్‌కు వదిలేయాలి.

సీనియర్లు ‘ఈ పేపర్ తేలిక, ఆ పేపర్ కష్టం’ అని ఇచ్చే లిస్టు చూసి ఎంచుకునే పద్ధతి ఒకటుంది. అది మార్కులను చూస్తుంది కానీ వారాలను చూడదు. మూడు తేలిక పేపర్ల పనీ ఒకే వారంలో మీద పడితే తేలిక అన్న మాటకు అర్థం లేదు. గంటల లెక్క ఆ వారాన్ని మూడు నెలల ముందే చూపిస్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత

దర్శకత్వానికి ముందు నటన, రంగాలంకరణ, లైటింగ్ అయిపోవాలి. రూల్‌లో లేకపోయినా సరే. లైట్ కట్టడం తెలియని దర్శకుడు సాంకేతిక బృందం మీద ఆధారపడి తన దృశ్యాన్ని వాళ్ల చేతుల్లో పెడతాడు. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబ సభ్యులే వేషం వేస్తారు, తెర వెనక పనీ చూస్తారు. అందుకే అక్కడ ట్రిక్ సీన్లు అంత గడుసుగా నడుస్తాయి. బ్యాక్‌స్టేజ్ కోర్సును చిన్నచూపు చూడకండి, మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోండి.

నృత్యంలో కొరియోగ్రఫీకి ముందు నట్టువాంగం. తాళం చేత్తో వేస్తూ జతి నోటితో చెప్పలేనివాళ్లు కూర్చిన నృత్యంలో అడుగులు ఉంటాయి, నడక ఉండదు. చివరి సెమిస్టర్‌లో సోలో కచేరీ ఉన్నవాళ్లు గాత్రం, మృదంగం, నట్టువాంగం, వేణువో వయొలినో ఉన్న వాద్యబృందంతో కనీసం మూడు రిహార్సల్స్‌కు తేదీలు ముందే తీసుకోవాలి. రికార్డు చేసిన ట్రాక్‌కే అలవాటుపడితే వేదిక మీద మృదంగం కాస్త సాగగానే పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే కూచిపూడి తరంగంలో పాదం తడబడుతుంది.

ఎలక్టివ్ విషయంలో గడప దాటండి. కూచిపూడి విద్యార్థులు రంగస్థల శాఖలో వాచికం తీసుకోవాలి. ఆట, పాట, మాట కలిసిన కూచిపూడి కలాపాల్లో మాటా మీరే చెప్పాలి, శ్వాస పట్టు లేకపోతే దరువు (పాట) పూర్తికాగానే సంభాషణ ఆయాసంలో మునుగుతుంది. నాటకం వాళ్లు తాళం నేర్పే క్లాసు తీసుకోవాలి, పద్యనాటకానికి అది అవసరం.

రిజిస్ట్రేషన్

ఇది పది నిమిషాలు. కోర్సు కోడ్‌లు ఒకటికి రెండుసార్లు సరిచూడండి, థియరీకీ దాని ప్రాక్టికల్‌కూ వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. కోర్సు మార్చుకునే చివరి తేదీని మీ కాగితం మీద ఎర్రగా రాయండి. మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, దాని 12 అంకెల ఏబీసీ ఐడీలో పేరు, ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి. తేడా ఉంటే మొదటి సెమిస్టర్‌లోనే సరిచేయించుకోండి, లేకపోతే పాసైన కోర్సు క్రెడిట్లు ఖాతాలో పడక చివర్లో ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.