పందెపు గుర్రప్పిల్ల పెంపకం – నాలుగో పాఠం: షిన్‌కు వేగం అలవాటు చేయడం

మన పిల్లకు ఏడాదిన్నర దాటింది. బీడులో తోటి పిల్లలతో కావలసినంత పరిగెత్తింది, కళ్ళేనికీ జీనుకీ అలవాటు పడింది, రైడర్‌ను మోస్తూ నిదానంగా క్యాంటర్ (దౌడుకంటే నెమ్మదైన పరుగు) చేస్తోంది. ఇక ట్రాక్ మీదికి తెచ్చాం. ఈ పాఠమంతా ఒక్క ఎముక గురించే. ముంగాలిలో మోకాలికీ, గిట్ట పైనుండే కీలుకీ మధ్య నిటారుగా నిలబడే ఎముక అది. లాయంలో అందరూ షిన్ అనే అంటారు, మనమూ అలాగే అనుకుందాం.

పుస్తకం పక్కన పెట్టి ముందు చేతికి పని చెబుదాం. తెల్లవారుజామున, గుర్రం ఇంకా పనికి వెళ్ళకముందు, ఎడమ ముంగాలి పక్కన వంగండి. మోకాళ్ళు నేలకు ఆనించొద్దు, అది కదిలితే మీరు వెంటనే తప్పుకోగలగాలి. అరచేతిని మోకాలి దిగువన పెట్టి షిన్ ముందువైపుగా మెల్లగా కిందికి జార్చండి. అక్కడ కండ ఉండదు. చర్మం, సన్నటి టెండాన్ (కండను ఎముకకు కలిపే తాడులాంటిది), వాటి కింద ఎముక, అంతే. బాగున్న షిన్ చల్లగా, నున్నగా తగులుతుంది. తర్వాత కాలు ఎత్తి పట్టుకుని, షిన్ నడిభాగాన్ని బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. గుర్రం ఒక్కసారిగా కాలు లాక్కుందా? చర్మం అదిరిందా? ఆ చోటు గుర్తుపెట్టుకుని, కుడికాలి మీద అదే చోట నొక్కి చూడండి. రెండు కాళ్ళకూ ఉన్న తేడాయే మీకు కావలసిన కబురు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఆడ గుర్రప్పిల్లను జాగ్రత్తగా తయారు చేస్తున్నాననుకుని మూడు నెలలు రోజూ మైలున్నర నిదానపు గ్యాలప్ (దౌడు) చేయించాను. వేగం మాటే ఎత్తలేదు. లేత కాళ్ళు కదా, కాపాడుతున్నాననుకున్నాను. తర్వాత ఒక ఉదయం మూడు ఫర్లాంగులు గట్టిగా వదిలాం. బాగానే పరిగెత్తింది. మర్నాడు లాయంలోంచి బయటికి నడిపిస్తుంటే అడుగులు పొట్టిగా పడుతున్నాయి. చెయ్యి పెడితే రెండు షిన్‌లూ వేడిగా ఉన్నాయి, వేలు ఆనిస్తేనే వణికింది. ఆ సీజనంతా దానికి పోయింది. ఆ రోజు దాని కళ్ళలోకి చూడలేకపోయాను.

నేను చేసిన తప్పేమిటో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ సెంటర్‌లో డేవిడ్ నూనమేకర్ చేసిన పని చదివాకే తెలిసింది. అమెరికాలో రెండేళ్ళ థరోబ్రెడ్లలో, అంటే రైడర్‌ను మోస్తూ దౌడు తీసే పందెపు జాతిలో, ఎక్కువ భాగానికి షిన్ నొప్పి వస్తుంది. అదే వయసులో పందేలకు దిగే స్టాండర్డ్‌బ్రెడ్లకు, అంటే బండి లాగుతూ ట్రాట్‌లోనో (ఎదురు మూలల కాళ్ళు జతగా వేసే నడక) పేస్‌లోనో (ఒకే పక్క కాళ్ళు జతగా వేసే నడక) పరిగెత్తే జాతికి, అది దాదాపు రాదు. ఆయన రెండింటి ఎముకలూ పోల్చి చూశారు. స్టాండర్డ్‌బ్రెడ్ పందెంలో ఏ నడకతో పరిగెత్తుతుందో, రోజువారీ సాధనలోనూ అదే నడక. థరోబ్రెడ్ సంగతి అలా కాదు. నిదానపు గ్యాలప్‌లో షిన్ ఒక తీరున వంగుతుంది, పూర్తి దౌడులో ఇంకో తీరున వంగుతుంది. ఎముక ఎటు భారం పడితే అటు మందం పెంచుకుంటుంది. నెలల తరబడి నిదానంగా తిప్పితే ఆ నిదానానికి తగ్గ ఎముకే తయారవుతుంది. పందెం రోజున దానికి పరిచయం లేని భారం వచ్చి మీద పడుతుంది.

మరి ఎంత వేగం, ఎన్నిసార్లు? మీరు అనుకునేదానికంటే చాలా తక్కువ. 1984లో రూబిన్, లాన్యన్ అనే పరిశోధకులు పక్షి రెక్క ఎముక మీద రోజుకు లెక్కగా భారం వేసి చూశారు. 36 సార్లు వేస్తే ఎముక ఎంత పెరిగిందో, 1,800 సార్లు వేసినా అంతే పెరిగింది. ఇప్పుడు ఫర్లాంగు లెక్క చూడండి. 201 మీటర్లు. గ్యాలప్‌లో గుర్రం అంగ ఆరు మీటర్లనుకుంటే ముప్పై పైచిలుకు అంగలు, అంటే ఒక్కో షిన్ మీద అన్నిసార్లు భారం. పక్షి రెక్కా గుర్రం కాలూ ఒకటి కావు, అయినా ఆ 36, ఈ ముప్పై పైచిలుకు పక్కపక్కన కనబడినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

నూనమేకర్ పద్ధతి ఇలా మొదలవుతుంది. వారానికి రెండు రోజులు, మామూలు గ్యాలప్ చివర్లో ఒక్క ఫర్లాంగును 15 సెకన్లలో పూర్తి చేయించాలి. అంటే గంటకు 48 కిలోమీటర్ల వేగం. అయిదు వారాలు ఇదే. తర్వాతి అయిదు వారాలు రెండు ఫర్లాంగులు, 30 సెకన్లలో. వేగం ఇంకా పెంచడం ఆ తర్వాతి మాట. మొదటి దశలో వారం మొత్తానికి వేగంగా వెళ్ళేది 400 మీటర్లే. వేగం పెరిగే కొద్దీ రోజువారీ నిదానపు గ్యాలప్ దూరాన్ని పెంచకండి, అది మందు కాదు. రైడర్‌కు ముందే చెప్పండి: 15 అంటే 15, గుర్రం ఉత్సాహంగా ఉందని 13కు వదలొద్దు. స్టాప్‌వాచ్ మీ చేతిలోనే ఉండాలి.

తొలి రెండు నెలలు మాత్రం ఊపిరి బిగబట్టి చూడవలసినవి. ఎముక కొత్త రూపు దిద్దుకునేటప్పుడు ముందు పాతదాన్ని తొలుస్తుంది, తర్వాత కొత్తది నింపుతుంది. తొలవడానికి వారాలు చాలు, పూడ్చడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఎముక మునుపటికంటే బలహీనంగా ఉంటుంది. గుర్రం మాత్రం బయటికి హుషారుగా కనిపిస్తుంది. ఓనరు ఫోన్ చేసి ‘ఎప్పుడు పరిగెత్తిస్తున్నారు?’ అని అడిగేది సరిగ్గా అప్పుడే. ఆ ఫోన్‌కు లొంగకండి.

అలాగని పూర్తిగా ఆపేసి లాయంలో కట్టేస్తే సంపాదించిన ఎముక కరుగుతుంది. కాలిఫోర్నియాలో 1991–94 మధ్య 54 గుర్రాలకు భుజపుటెముకో కటి ఎముకో పూర్తిగా విరిగిన సందర్భాలను పరిశీలించారు. రెండు నెలలో అంతకంటే ఎక్కువో వేగం పని లేకుండా ఉండి తిరిగొచ్చిన గుర్రాల్లో భుజపుటెముక విరిగే ప్రమాదం బాగా ఎక్కువగా కనిపించింది. కాబట్టి మలక్‌పేటలో సీజన్ ముగిశాక సెలవు మీద వెళ్ళిన గుర్రం వస్తే, అది ఎంత పేరున్నదైనా సరే, మళ్ళీ ఒక్క ఫర్లాంగు దగ్గర మొదలుపెట్టండి.

దాణా సంగతి రెండో పాఠంలో చూశాం, ఇక్కడ ఒక్క మాట. గోధుమ తవుడులో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన అలవాటు కొద్దీ అది బకెట్‌లో ఎక్కువై పోతుంది. ఉలవల్లో రెండూ ఇంచుమించు సమానం. లూసర్న్ గడ్డి కాల్షియాన్ని పైకి లాగుతుంది. ఈ నెలల్లో లూసర్న్ తగ్గనివ్వకండి.

ఈ వారం అభ్యాసం. ఒక నోట్‌బుక్ కొని, రోజూ ఒకే వేళకు రెండు షిన్‌లూ తడిమి చూసి రాయండి: వేడి ఉందా, వాపు ఉందా, నొక్కితే ఎక్కడ లాక్కుంది, నిన్న ఏ పని చేసింది, ఎన్ని సెకన్లలో చేసింది. ఒక కాలు రెండు రోజులు వరసగా వేడిగా ఉంటే వేగం ఆపి, నడకకు దిగి, డాక్టర్‌ను పిలవండి. ఎక్స్‌రే మామూలుగా వచ్చినా మీ వేలికి నొప్పి తగులుతుంటే వేలినే నమ్మండి. వచ్చే పాఠం షిన్ వెనకుండే టెండాన్ల గురించి. దానికి ఈ నోట్‌బుక్ కావాలి, పారేయకండి.