ఇంట్లో డ్రాఫ్ట్ బీర్ మెషిన్: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి బిగింపు సూచనలు

అమెరికాలో ఇల్లు కుదిరి, సామాన్లు సర్దుకున్నాక బేస్‌మెంట్‌లో ఒక కెగరేటర్ పెట్టుకుందామన్న సరదా చాలామందికి పుడుతుంది. ఊరు మారేవాళ్లు తమ పాతది చవగ్గా వదిలించుకుంటుంటారు కూడా. నెత్తిమీద ట్యాప్ ఉన్న చిన్న ఫ్రిజ్, అందులో కెగ్ అనే స్టీలు పీపా, బీర్‌ను పైకి నెట్టడానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, మధ్యలో రెండు పైపులు. ఉన్నది ఇంతే. బిగింపు ఒక పూట పని. అసలు తిప్పలు ఆ తర్వాతే మొదలవుతాయి: ట్యాప్ లాగితే గ్లాసు నిండా నురగే. దాంతో కంగారుపడి సిలిండర్ గ్యాస్ ఒత్తిడిని అదుపుచేసే రెగ్యులేటర్‌ను అటూ ఇటూ తిప్పేస్తారు, అది ఇంకా ముదురుతుంది. నేను చెప్పేదల్లా ఒకటే. ఈ మెషిన్‌కు కావలసింది చల్లదనం, ఓపిక. రెగ్యులేటర్ జోలికి ఎంత తక్కువ వెళ్తే అంత మంచిది.

ఏ సైజు కెగ్

ఇక్కడ బీర్ లెక్కల్లో బ్యారెల్ అంటే 31 గ్యాలన్లు. పార్టీల్లో కనిపించే పెద్ద కెగ్ అందులో సగం, 15.5 గ్యాలన్లు, అంటే దాదాపు 59 లీటర్లు. నిండుగా ఉంటే 160 పౌండ్లు, అంటే 72 కిలోల పైమాటే. ఒక్కరే ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టాలని చూస్తే నడుం పట్టేస్తుంది. ఆరో వంతు బ్యారెల్ అని ఇంకొకటి ఉంటుంది: 5.16 గ్యాలన్లు, నిండుగా 58 పౌండ్ల చిల్లర, 12 ఔన్సుల గ్లాసులు యాభై పైన వస్తాయి. ఇంటికి ఇదే సరిపోతుంది. పాశ్చరైజ్ చేయని డ్రాఫ్ట్ బీర్ చల్లగా, గ్యాస్ మీద ఉన్నా నెలన్నర నుంచి రెండు నెలలకు మించి రుచి నిలవదు. ఇద్దరు తాగే ఇంట్లో పెద్ద కెగ్ పెడితే చివరి పావు వంతు సింకు పాలే.

కెగ్ కొనేటప్పుడు ఇంకో సంగతి అడిగి తెలుసుకోండి: దానికి ఏ కప్లర్ కావాలి? కెగ్ నోటికి తగిలించే ఇత్తడి లేదా స్టీలు మూతను కప్లర్ అంటారు. అమెరికా బీర్లకు ఎక్కువగా డి రకం సరిపోతుంది. యూరప్ నుంచి దిగుమతయ్యే వాటిలో చాలావాటికి ఎస్ రకం, కొన్ని జర్మన్ బీర్లకు ఏ రకం, గిన్నిస్‌కు యు రకం. కెగరేటర్‌తో వచ్చేది సాధారణంగా డి. ఇది చూసుకోకుండా శుక్రవారం సాయంత్రం కెగ్ ఇంటికి తెచ్చుకుంటే వారాంతమంతా దాని మొహం చూస్తూ కూర్చోవాలి.

21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు కార్డు చూపించాలి. చాలా రాష్ట్రాల్లో కెగ్ కొన్నవారి పేరు, చిరునామా రాసుకుని, సంతకం తీసుకుని, కెగ్‌కు ఒక ట్యాగ్ అంటిస్తారు. దాన్ని పీకేయకండి. కెగ్ బీర్ కంపెనీ సొత్తు, మీరు కొన్నది లోపలి బీర్ మాత్రమే. డిపాజిట్ కట్టి తెచ్చుకుంటారు కాబట్టి రసీదు జాగ్రత్త.

గ్యాస్ సిలిండర్

కొత్త సిలిండర్ ఆన్‌లైన్‌లో కొంటే ఖాళీగానే ఇంటికొస్తుంది, మోసమేమీ కాదు. వెల్డింగ్ గ్యాస్ అమ్మేచోటో, ఇంట్లో బీర్ కాచుకునేవారికి సరుకులమ్మేచోటో నింపించుకోవాలి. ఇంటి వాడకానికి 5 పౌండ్ల సిలిండర్ మామూలు. పాతది కొంటుంటే భుజం దగ్గర చెక్కిన తేదీ చూడండి. ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి, గడువు దాటితే నింపరు. కొన్నిచోట్ల నింపే పని పెట్టుకోకుండా మీ ఖాళీది తీసుకుని నిండుది ఇచ్చేస్తారు. తళతళలాడే మీ కొత్త సిలిండర్ పోయి, సొట్టలు పడ్డది చేతికొస్తే చిన్నబోకండి, లోపలి గ్యాస్ ఒకటే.

కారులో తెచ్చేటప్పుడు దొర్లకుండా కట్టి, కిటికీ కాస్త దించి, నేరుగా ఇంటికి రండి. ఎండలో కారులో వదిలేసి వేరే పని మీద వెళ్లొద్దు.

ఈ గ్యాస్‌కు వాసన ఉండదు, గాలికంటే బరువు. ఒక చిన్న లెక్క చెప్తాను. 5 పౌండ్ల గ్యాస్ మొత్తం బయటికొస్తే దాదాపు 44 ఘనపుటడుగులు ఆక్రమిస్తుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న మూసిన గదిలో అది ఐదు శాతం దాటుతుంది. నాలుగు శాతమే ప్రాణాపాయం కిందకి వస్తుందని ఇక్కడి వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్క. అందుకే కెగరేటర్‌ను పడకగదిలోనో, తలుపు మూసి ఉండే ఇరుకు స్టోర్‌రూమ్‌లోనో పెట్టకండి. బేస్‌మెంట్‌లో పెడితే కార్బన్ డయాక్సైడ్ పసిగట్టే అలారం కొనండి. ఇంట్లో ఇప్పటికే గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది దీన్ని గుర్తుపట్టదు. అద్దె ఇల్లయితే గ్యాస్ సిలిండర్ల గురించి లీజులో ఏముందో ముందే ఒకసారి చదువుకోండి.

బిగింపు

ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి ఒక రోజంతా వదిలేసి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టండి. కంప్రెసర్ నూనె మళ్లీ కిందికి దిగాలి. వెనకవైపు గోడకు, ఫ్రిజ్‌కు మధ్య మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదలండి. చలికాలంలో గడ్డకట్టే గరాజ్ దీనికి పనికిరాదు, వేసవిలో పొయ్యిలా కాలే గరాజ్ అంతకన్నా పనికిరాదు.

టవర్‌ను, అంటే ట్యాప్ ఉండే స్తంభాన్ని, పైన కూర్చోబెట్టి స్క్రూలు బిగించడం ఎవరికైనా తెలుస్తుంది. ట్యాప్ దగ్గరే చాలామంది తికమకపడతారు. ట్యాప్‌ను టవర్‌కు పట్టి ఉంచే గుండ్రటి కాలర్‌కు చిన్న చిల్లులుంటాయి, కిట్‌లో వచ్చే కొక్కెం లాంటి స్పానర్ వాటిలో పడుతుంది. మీరు ఎదురుగా నిలబడి చూస్తున్నప్పుడు ఆ కాలర్ గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పితే బిగుస్తుంది, ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. అలవాటు కొద్దీ కుడివైపు బలంగా తిప్పి, ఇది బిగియదేంటని తిట్టుకోకండి. ట్యాప్ వెనక పళ్లు టవర్‌కుండే పొట్టి గొట్టం షాంక్‌లోని గాళ్లలో సరిగ్గా కూర్చున్నాక బిగిస్తే పిడి నిటారుగా నిలుస్తుంది.

కప్లర్‌కు రెండు దారులుంటాయి. పైనున్నది బీర్‌ది, పక్కనున్నది గ్యాస్‌ది. రెండు పైపులకూ క్లాంపులు తప్పనిసరి. పైపు ఎక్కకపోతే కొసను వేణ్నీళ్లలో నిమిషం ముంచితే మెత్తబడి సులువుగా జారుతుంది. గ్యాస్ దారిలో చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది, బీర్ వెనక్కి గ్యాస్ పైపులోకి రాకుండా ఆపేది అదే. ఊడదీసి కడిగినప్పుడు దాన్ని మళ్లీ పెట్టడం మరవొద్దు.

రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించేటప్పుడు మధ్యలో పల్చటి నైలాన్ వాషర్ పడాలి. గ్యాస్ రాత్రికి రాత్రి ఖాళీ అయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. కొన్ని రెగ్యులేటర్లలో వాషర్ లోపలే అమర్చి వస్తుంది, అప్పుడు ఇంకోటి వేయక్కర్లేదు. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి పోయి పాడుచేస్తుంది.

వాల్వు తెరిచే ముందు రెగ్యులేటర్ మరను పూర్తిగా వదులు చేయండి. వాల్వు మెల్లగా తెరిచి, మరను కొద్దికొద్దిగా బిగిస్తూ 11 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని ఒత్తిడి కొలత) దగ్గర ఆపండి. ఇప్పుడు సబ్బు నీళ్లు ప్రతి అతుకు మీదా రాయండి. ఎక్కడ బుడగలు ఉబ్బుతుంటే అక్కడ లీకేజీ. ఈ పని కెగ్ తగిలించాక మళ్లీ ఒకసారి చేయాలి.

రెగ్యులేటర్ మీద సిలిండర్ లోపలి ఒత్తిడి చూపే ముల్లు గురించి ఒక మాట. సిలిండర్ గది వేడిలో ఉంటే అది సుమారు 850 పీఎస్ఐ చూపిస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టగానే 550కి పడిపోతుంది. గ్యాస్ కారలేదు, చల్లబడింది అంతే. లోపల ద్రవం ఉన్నంతసేపూ ఆ ముల్లు కదలదు, ద్రవం అయిపోయాక గబగబా పడిపోతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాలి. రెగ్యులేటర్ తీసేసి తూచి, సిలిండర్ మీద చెక్కిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే గ్యాస్.

కెగ్ తగిలించడం

దారిలో కుదుపులు తిన్న కెగ్‌ను ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజు అలాగే వదిలేయండి. అతిథులు సాయంత్రం వస్తారనగా ఉదయం కెగ్ తెస్తే వాళ్లకు నురగే గతి.

ట్యాప్ మూసి ఉందో లేదో చూసుకుని, డి కప్లర్‌ను కెగ్ నోట్లో పెట్టి, ఆగేదాకా కుడివైపు తిప్పండి. పిడిని బయటికి లాగి కిందికి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. తీసేటప్పుడు పిడి పైకెత్తి ఎడమవైపు తిప్పాలి.

పోసేటప్పుడు గ్లాసును ఏటవాలుగా పట్టుకుని ట్యాప్‌ను ఒక్కసారిగా పూర్తిగా తెరవండి. నురగ వస్తుందన్న భయంతో సగం తెరిచేవాళ్లే ఎక్కువ నురగ తెప్పిస్తారు. సన్నటి సందులోంచి దూరేటప్పుడే బీర్ చిందరవందరై గ్యాస్ వదిలేస్తుంది.

నురగే వస్తుంటే

ముందు థర్మామీటర్. ఫ్రిజ్ మీద కనిపించే అంకె లోపలి గాలిది, బీర్‌ది కాదు. వరసగా రెండు గ్లాసులు పోసి రెండోదాంట్లో థర్మామీటర్ పెట్టండి. 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 3 సెల్సియస్ రావాలి. మామూలు లాగర్, ఏల్ బీర్లలో ఉండే గ్యాస్‌ను ఆ చల్లదనంలో పట్టి ఉంచడానికి 11 పీఎస్ఐ చాలు. అదే బీర్ 50 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 18 కావాలి. మీ రెగ్యులేటర్ 11 దగ్గరే ఉంటుంది కాబట్టి గ్యాస్ పైపులోనే విడిపోయి నురగగా దూకుతుంది. ఒత్తిడి తగ్గిస్తే? ఇంకా ఎక్కువ విడిపోతుంది, నాలుగు రోజులకు బీర్ చప్పబడిపోతుంది. చల్లదనం సరిచేసి ఒక రోజు ఆగండి. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లో ఉంటే మాత్రం ప్రతి రెండు వేల అడుగులకు 1 పీఎస్ఐ చొప్పున పెంచుకోవాలి.

మొదటి గ్లాసు నురగ, రెండోది బాగుంది అంటే దోషం టవర్‌ది. చల్లగాలి కిందే ఉండిపోతుంది, పైన గొట్టంలో నిలిచిన బీర్ వేడెక్కుతుంది. ఫ్రిజ్ అడుగు నుంచి టవర్‌లోకి గాలి ఊదే చిన్న ఫ్యాన్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

అన్ని గ్లాసులూ అలాగే ఉండి, చల్లదనం కూడా సరిగ్గా ఉంటే పైపు పొడవు చూడండి. అంగుళంలో 16వ వంతులు మూడు, అంత లోపలి వ్యాసం ఉన్న పైపు వాడతారు. కిట్‌లో తరచుగా ఐదడుగులే ఇస్తారు. దాన్ని ఎనిమిది నుంచి పదడుగులకు మార్చండి. పొడవు పెరిగేకొద్దీ లోపలి రాపిడి పెరిగి బీర్ నెమ్మదిగా వస్తుంది. మిగిలిన పైపును కెగ్ మీదే చుట్టగా పెట్టండి, చల్లగా ఉంటుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఇంత తేలికైన పనిని కిట్లు చేసేవాళ్లు ఎందుకు ముందే చేసి ఇవ్వరో నాకు అర్థం కాదు.

గిన్నిస్ లాంటి నైట్రో స్టౌట్‌ల (నైట్రోజన్‌తో పోసే నల్ల బీర్ల) సంగతి వేరు. వాటికి నైట్రోజన్ ఎక్కువగా, సుమారు 75 శాతం కలిపిన గ్యాస్, ప్రత్యేక ట్యాప్, వేరే రెగ్యులేటర్, 30 పీఎస్ఐ దాకా ఒత్తిడి కావాలి. తొలి ఏడాది వాటి జోలికి వెళ్లకపోవడమే సుఖం.

కడగడం

అమెరికాలోని బ్రూయర్స్ అసోసియేషన్ రెండు వారాలకోసారి పైపులను క్షార ద్రావణంతో కడగమంటుంది. ఇంట్లో కనీసం కెగ్ మార్చిన ప్రతిసారీ చేయండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, ఆ ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది. తర్వాత మంచినీళ్లు ధారాళంగా పోనివ్వాలి. ట్యాప్‌ను విప్పి బ్రష్‌తో తోమండి. మూతి లోపల పసుపు రంగు జిగురు కనిపిస్తే ఇన్నాళ్లూ బీర్‌లో వెన్న వాసన ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది.

అతిథులు, కారు తాళాలు

ఇంట్లో ట్యాప్ ఉంటే ఎవరెంత తాగారో లెక్క తెలియదు. సీసాలైతే ఎదురుగా కనిపిస్తాయి. చాలా రాష్ట్రాల్లో రక్తంలో ఆల్కహాల్ హద్దు 0.08 శాతం, యూటాలో 0.05. వీసా మీద ఉన్నవారికి ఇది ట్రాఫిక్ జరిమానాతో పోయే వ్యవహారం కాదు. తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, కోర్టు తీర్పుతో పని లేకుండా వీసా రద్దు చేసే విధానాన్ని అమెరికా విదేశాంగ శాఖ 2015 నుంచి అమలు చేస్తోంది. కాబట్టి తిరుగు ప్రయాణానికి క్యాబ్ ముందే మాట్లాడి పెట్టండి, లేదా పక్కలు వేయండి.

కెగ్ అయిపోయాక సిలిండర్ వాల్వు కట్టేసి కప్లర్ తీయండి. ఖాళీ కెగ్‌ను తుక్కు కింద అమ్మడం, కోసి పొయ్యిగా మార్చడం నేరం కిందకి వస్తుంది, పైగా లోపల ఇంకా ఒత్తిడి ఉంటుంది కాబట్టి ప్రమాదం కూడా. ట్యాగ్ చిరగకుండా, రసీదుతో సహా కొన్నచోటే తిరిగి ఇచ్చేసి డిపాజిట్ తెచ్చుకోండి. అదే చేత్తో తర్వాతి కెగ్‌కు ఆర్డర్ ఇచ్చి రావచ్చు, నచ్చిన రకం అప్పటికప్పుడు దొరకడం అరుదు.